సున్నా చుక్క సున్నా అయిదు

ఆ శనివారం పొద్దున్న కుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా అన్నం, పప్పు దించేయాలి. తర్వాత సబ్జా గింజలు నానబెట్టి, పంచదార నీళ్లలో నిమ్మరసం పిండి, రెండూ కలిపి పది గంటలకి బడికి చేర్చాలి. అంతే. ఇందులో ప్రమాదమంటూ ఉంటే అది ఏ పిల్లవాడి గొంతుకో నిమ్మగింజ అడ్డం పడటమేనని ఆమె అనుకుంది. అందుకని రసం రెండుసార్లు వడకట్టాలని కూడా నిర్ణయించుకుంది.

చీపురుపల్లిలో ఆమె కూతురు అనిత చదివే బడిలో ఆ రోజు గణిత మేళా. ఆరో తరగతికి లెక్కలు చెప్పే జగన్నాధం మాస్టారు పిల్లల చేత తినుబండారాల అంగళ్లు పెట్టిస్తున్నారు. అందులో ఒక మెలిక ఉంది. సరుకుల కొలతలు ఆయన దశాంశాల్లోనే ఇస్తారు. వాటిని భిన్నాలుగా మార్చుకుని, ఆ కొలత ప్రకారం వండాలి. మార్చిన తీరు ఒక అట్ట మీద రాసి అంగడి ముందు నిలబెట్టాలి. అనితకు సబ్జా షర్బత్ వచ్చింది. ఆ పిల్ల కొలతలు అరచేతి మీద రాసుకొచ్చి, ముందురోజు సాయంత్రం తల్లి ముందు చెయ్యి చాపింది.

"అమ్మా, నేను పొద్దున్నే ఎల్లి అట్ట రాసుకోవాల, కాగితాలు కట్టాల. లెక్క ఇప్పుడే సేసి ఇచ్చీనా?"

"అక్కర్లేదు. నువ్వు ఎల్లు. నేను సూసుకుంటాను," అంది కుమారి. అని, ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని కాసేపు ఆశ్చర్యపోయింది.

ఎందుకంటే కుమారి చదువు ఏడో తరగతి మధ్యలో ఆగిపోయింది. తల్లి మంచాన పడితే తమ్ముళ్లని చూసుకోవడానికి నెల రోజులు బడి మానమన్నారు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. అనిత లెక్కలు పైకి చదువుకుంటూ చేస్తుంటే, పక్కన తోటకూర కాడలు విరుస్తూ కుమారి కూడా లోలోపల చేసుకునేది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మాస్టారు మాత్రం కనిపెట్టినట్టున్నారు. కిందటి నెల తల్లిదండ్రుల సమావేశంలో, "ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయకూడదామ్మా? మేళా రోజున పేర్లు తీసుకుంటున్నాం, ఇవ్వండి," అన్నారు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తగారు లక్ష్మణమ్మ, "ఇపుడు సదివి ఏటి సేస్తావే? పోపు పెట్టడానికి పదో తరగతేటి?" అంది. మొగుడు ధర్మేంద్ర ఆటో తుడుచుకుంటూ, "నీ ఇష్టం," అన్నాడు. అతను "నీ ఇష్టం" అంటే దానికి అర్థం, నన్ను మధ్యలోకి లాగొద్దని.

అందుకని కుమారి తనతో తనే ఒక పందెం వేసుకుంది. ఈ సబ్జా లెక్క ఎవరినీ అడక్కుండా సరిగ్గా చేస్తే మాస్టారికి పేరు ఇవ్వాలి. తప్పితే ఈ జన్మకి ఆ మాట ఎత్తకూడదు.

అనిత బడికి వెళ్లిపోయాక, అన్నం వార్చి, పెరట్లో గచ్చు మీద సుద్దముక్క పట్టుకుని కూర్చుంది. చుక్కలంటే కుమారికి భయం లేదు. ధనుర్మాసంలో గుమ్మం ముందు ఆమె వేసే ముగ్గుకి వీధి వీధంతా ఆగి చూస్తుంది. అన్ని చుక్కల్ని ఒక గీతలో కట్టేసే మనిషికి ఈ ఒక్క చుక్కే లొంగకుండా ఉంది. అయినా సూత్రం తెలుసు. అనిత రోజూ పాడుతున్నదే. చుక్క తీసేయాలి. మిగిలిన అంకె పైన రాయాలి. చుక్క తర్వాత ఎన్ని అంకెలుంటే, కింద ఒకటి పక్కన అన్ని సున్నాలు పెట్టాలి.

పంచదార 2.5 కిలోలు. చుక్క తీస్తే పాతిక. చుక్క తర్వాత ఒకే అంకె, కాబట్టి కింద పది. పాతికని పదితో భాగిస్తే రెండున్నర. నిమ్మరసం 0.25 లీటరు. పైన పాతిక, కింద వంద. అయిదుతో ఒకసారి, మళ్లీ అయిదుతో ఇంకోసారి కొట్టేసింది. పైన ఒకటి, కింద నాలుగు మిగిలాయి. పావు లీటరు. కుమారి సుద్దముక్క కింద పెట్టి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చిన్నగా చప్పట్లు కొట్టుకుంది.

మిగిలింది సబ్జా. 0.05 కిలో.

ఇక్కడ ఆమెకు చిన్ననాటి పాఠం ఒకటి గుర్తొచ్చింది. వాళ్ల టీచరు బెత్తంతో బల్ల మీద కొట్టి మరీ చెప్పిన పాఠం. అంకెకి ముందున్న సున్నాకి విలువ లేదు, సున్నా పెట్టి అయిదు రాసినా అది అయిదే. ఇన్నాళ్లకి ఆ బెత్తం పనికొచ్చినందుకు సంతోషిస్తూ కుమారి చుక్కకి ముందున్న సున్నాని తుడిచేసింది. అదే ఊపులో చుక్కకీ అయిదుకీ మధ్యనున్న సున్నాని కూడా తుడిచేసింది. ఇక చుక్క తర్వాత ఒకే అంకె. కింద పది. పైన అయిదు. కొట్టేస్తే సగం.

"అరకేజీ," అనుకుంది కుమారి. లెక్క చివర అంత గుండ్రంగా తేలేసరికి ఆమెకు కళ్లు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే పక్కింటి గోడ మీదనుంచి మెర్సీ తల పైకి లేచింది. మెర్సీ కొడుకు రాబర్ట్ కూడా ఆరో తరగతే. వాళ్లది సెనగ గుగ్గిళ్ల అంగడి. చర్చి పండగలకి వందమందికి కూడా కంటి అంచనాతో వండేసే మెర్సీకి ఈ చుక్కల కొలతలు పొద్దున్నించీ ఊపిరాడనివ్వడం లేదు.

"ఓలె కుమారీ, మీ అనిత ఉన్నాదేటే?"

"ఎల్లిపోనాది అక్కా. ఏటి కావాల?"

"సున్నా సుక్క సున్నా అయిదు కిలో కారం అని రాసుకొచ్చినాడు మా గుంటడు. అంటే ఎంతే? ఆడు లెగిసి బడికి పారిపోనాడు."

జీవితంలో మొదటిసారి కుమారిని ఒకరు లెక్క అడిగారు. పైగా ఆ లెక్క ఇంకా గచ్చు మీద చెరగకుండా ఉంది.

"అరకేజీ అక్కా."

"అరకేజీ కారమా?" మెర్సీ గోడ మీద గడ్డం ఆనించింది. "అయిదు కేజీల సెనగలకి?"

"లెక్క అదే సెప్తన్నాది. ముందు సున్నాకి ఇలువ నేదు కదా అక్కా. అయిదు బై పది. సగం."

బై అన్న మాట వినగానే మెర్సీ ఇంకేమీ అడగలేదు. "మాస్టారికి తెలీకుండా ఉంటాదేటి. సదువుకున్నోలు," అని తల దించేసుకుంది.

కుమారి కిరాణా కొట్టుకి పరుగెత్తింది. కొట్టతను సబ్జా పొట్లాలు దారానికి కట్టి వేలాడదీశాడు. అరకేజీ అనగానే చేతిలో ఉన్న టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఏటమ్మా, సబ్జా అరకేజీయా? ఊరంతా తాగుతారేటి?"

"బడంతా తాగుతారు మావా."

"ఒక పొట్లం అట్టుకెల్లు. సాలకపోతే మల్లీ రా."

అతను తన లెక్కని అనుమానిస్తున్నాడని కుమారికి రోషం వచ్చింది. దారం మీదున్న పొట్లాలన్నీ తెంపించి, చాలకపోతే లోపల డబ్బాలో ఉన్నవి కూడా తూయించి తెచ్చుకుంది.

పెరట్లో పెద్ద గిన్నెలో నీళ్లు పోసి గింజలు వేస్తుంటే లక్ష్మణమ్మ వక్క నములుతూ వచ్చి నిలబడింది.

"ఒక సెంచాడు ఏస్తే సెంబుడు అవతాదే అది. అంత కుమ్మరిస్తన్నావేటి?"

"లెక్కలో అంతే వచ్చింది అత్తా."

"ఎవులు సేసినారు లెక్క?"

"నేనే."

లక్ష్మణమ్మ కోడలి మొహం వైపు, గిన్నె వైపు చూసింది. లోపలికి వెళ్లి పీట తెచ్చుకుని, గిన్నెకి ఎదురుగా నీడలో వేసుకుని, నాటకానికి ముందు వరసలో చోటు దొరికినట్టు స్థిరంగా కూర్చుంది.

నిజానికి కుమారి చేతికి కూడా తెలుసు. ఎండాకాలం వస్తే ఇంట్లో అందరికీ సబ్జా కలిపేది ఆ చెయ్యే. కానీ చేతి మాట వింటే లెక్క తప్పని ఒప్పుకున్నట్టు. లెక్క తప్పితే పదో తరగతి లేదు. అందుకని ఆమె చేతిని నోరు మూసుకోమంది.

గింజలు కాసేపు నల్లగా, అమాయకంగా తేలాయి. తర్వాత ఒక్కొక్కటీ తెల్లటి జిగురు కోటు తొడుక్కోవడం మొదలెట్టింది. కుమారి నిమ్మకాయలు పిండి వచ్చేసరికి గిన్నెలో నీళ్లు కనబడలేదు. గరిటె పెడితే నిటారుగా నిలబడింది. నీళ్లు చాలలేదేమోనని ఇంకో బిందె పోసింది. గింజలు ఆ బిందెడూ తాగి, ఇంకా ఉందా అన్నట్టు గిన్నె అంచు దాకా లేచాయి. సగం తీసి బకెట్లో వేసింది. బకెట్లో నీళ్లు పోసింది. బకెట్టూ నిండింది. అన్నం ఇంకో గిన్నెలోకి మార్చి ఆ డేకిసా కడిగి తెచ్చింది.

"ఊపిరి తీసుకుంటన్నాది," అంది లక్ష్మణమ్మ పీట మీదనుంచి. "నా ఆవు ఈనే ముందు కూడా ఇలాగే ఉబ్బింది."

"అత్తా, నువ్వు కాసేపు ఊరుకో."

కుమారి గచ్చు దగ్గరికి వెళ్లి లెక్క మళ్లీ చేసింది. సగమే వచ్చింది. ఇంకోసారి చేసింది. మళ్లీ సగమే. ఒకసారి తుడిచేసిన సున్నా తనంతట తను తిరిగి రాదు కదా. చివరికి అత్తగారు స్నానానికి నీళ్లు తోడుకునే గంగాళం కూడా తోమి తెచ్చింది.

"అందులోనా?" పీట మీదనుంచి లక్ష్మణమ్మ మొదటిసారి లేచింది. "రేపు నాను సబ్జాలో తానం సెయ్యాలేటి?"

పంచదార నీళ్లు, నిమ్మరసం నాలుగింట్లోకీ పంచి కలిపేసరికి తొమ్మిదిన్నరయింది, ధర్మేంద్ర ఆటోతో వచ్చాడు. పెరట్లో వరసగా నిండిన గిన్నె, బకెట్టు, డేకిసా, గంగాళం చూశాడు. వాటి వెనక జుట్టు రేగిపోయి, మోచేతుల దాకా జిగురుతో నిలబడిన పెళ్లాన్ని చూశాడు.

"ఏటిది?"

"సబ్జా, బావా."

"మిగతావి?"

"అవీ సబ్జాయే."

అతను ఆటో వెనక సీటు మీద గోనెపట్టా పరిచాడు. లక్ష్మణమ్మ తనూ వస్తానంది. ఇంతవరకూ చూసి చివర చూడకపోతే ఎలాగని ఆమె వాదన. బకెట్టు ఆమె ఒళ్లో పెట్టారు. రైల్వే గేటు పడింది. గూడ్సు బండి తీరిగ్గా వెళుతోంది. ఎండకి ఇంకా కాస్త ఉత్సాహం వచ్చి బకెట్లో సబ్జా మూత ఎత్తుకుని లక్ష్మణమ్మ చీర కుచ్చిళ్ల మీదకి మెల్లగా దిగింది. పక్కన సైకిలు ఆపుకున్న ఒకాయన మెడ సాచి చూశాడు.

"అమ్మకమేటి పినమ్మా?"

"అమ్మకం కాదు నాయినా," అంది లక్ష్మణమ్మ. "మా కోడలి సదువు."

బడి ఆవరణలో రంగు కాగితాలు కట్టి ఉన్నాయి. అనిత తన అంగడి ముందు కొత్త గౌనులో నిలబడి, దూరం నుంచే ఆటోకి చెయ్యి ఊపింది. ఆ పిల్ల పక్కనే అట్ట. అందమైన గుండ్రటి అక్షరాలు. కుమారి ఆటో దిగుతూనే చదివింది.

సబ్జా: 0.05 = 5/100 = 1/20 కిలో.

ఆ వంద వైపు ఆమె చూస్తూ ఉండిపోయింది. వందలో రెండు సున్నాలు. చుక్క తర్వాత రెండు అంకెలు, సున్నా ఒకటి, అయిదు ఒకటి. ఆ సున్నా చుక్కకి ముందున్నది కాదు, వెనక ఉన్నది. అక్కడ అది చోటు ఆక్రమించుకుని కూర్చుంది. దాన్ని తను తుడిచేసింది. ఇరవయ్యో వంతు వేయాల్సిన చోట సగం వేసింది. పందెం పోయింది. గంగాళం నిండా పోయింది.

వెంటనే అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి గుర్తొచ్చింది. మెర్సీ. కారం.

"బావా, ఇవి దించు," అని కుమారి పరుగు తీసింది. గుగ్గిళ్ల అంగడి ఆవరణకి అటు చివర ఉంది. రాబర్ట్ గరిటెతో గిన్నె అంచు మీద కొడుతూ అందరినీ పిలుస్తున్నాడు. గిన్నెలో సెనగలు ఎర్రటి ఎరుపు. మొదటి దొన్నె, మర్యాద ప్రకారం, జగన్నాధం మాస్టారికి ఇచ్చారు. కుమారి చేరేసరికి ఆయన గుప్పెడు నోట్లో వేసుకుని నమలడం కూడా అయిపోయింది.

మాస్టారి కళ్లజోడు వెనక వాన మొదలైంది. ఆయన ఏదో అనబోయారు. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు.

"బాగున్నాయా సార్?" అంది మెర్సీ ఆశగా. "లెక్క ప్రకారమే ఏసానండి."

కుమారి వెనక్కి పరుగెత్తి, నిండు గ్లాసు సబ్జా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అది తాగడానికి వీల్లేనంత చిక్కగా ఉంది. ఆయన చెంచా అడిగి తిన్నారు. ఇంకో గ్లాసు తిన్నారు. మూడో గ్లాసుకి మొహం మామూలు రంగులోకి వచ్చింది. జేబురుమాలుతో కళ్లు తుడుచుకుని కాసేపు గాలి పీల్చుకున్నారు. అప్పుడు, ఎవరూ ఊహించని విధంగా, దొన్నెలో మిగిలిన గుగ్గిళ్లు మళ్లీ నోట్లో వేసుకున్నారు.

"మంట తగ్గాక రుచి తెలుస్తోందమ్మా," అన్నారు. "ఇంకో గ్లాసు ఇవ్వండి."

ఆ తర్వాత జరిగింది ఎవరి చేతుల్లోనూ లేదు. మాస్టారు ఏడ్చారని వార్త తరగతి గదులన్నీ తిరిగింది. ఏడిపించే గుగ్గిళ్లు ఎలా ఉంటాయో చూడాలని పిల్లలంతా ఆ చివరకి పరుగెత్తారు. తిన్నవాళ్లంతా నోళ్లు తెరుచుకుని ఈ చివరకి పరుగెత్తారు. చల్లబడగానే మళ్లీ అటు. తొమ్మిదో తరగతి మగపిల్లలు సబ్జా తినకుండా ఎవరు ఎక్కువసేపు ఆగుతారో పోటీ పెట్టుకుని, అందరూ ఒకేసారి ఓడిపోయారు. పిల్లల్ని దింపడానికి వచ్చిన తండ్రులు మళ్లీ బండెక్కలేదు. హెడ్మిస్ట్రెస్ గారు గుగ్గిళ్లు రెండే రెండు గింజలు తిని, సబ్జా రెండు గ్లాసులు తీసుకున్నారు.

వడ్డన లక్ష్మణమ్మ చేతిలోకి వెళ్లిపోయింది. కుచ్చిళ్లు దోపుకుని గంగాళం ముందు నిలబడి గరిటె తిప్పుతోంది.

"వరసలో రండిరా గుంటలారా. తోసుకోకండి. ఇది అయిపోదు, భయపడకండి."

కానీ అయిపోయింది. పన్నెండు దాటేసరికి గంగాళం అడుగు కనిపించింది. పది రెట్లు కారం ఒకవైపు, పది రెట్లు చలవ ఒకవైపు. పైన పది, కింద పది. జగన్నాధం మాస్టారు ఏళ్ల తరబడి నల్లబల్ల మీద కొట్టేస్తూ వచ్చిన లెక్కే ఇవాళ ఆవరణలో కాళ్లొచ్చి అటూ ఇటూ పరుగెత్తింది.

మాస్టారు తీరిగ్గా అనిత అంగడి ముందుకి వచ్చారు. అట్ట చదివారు. ఖాళీ గిన్నె, బకెట్టు, డేకిసా, గంగాళం వరసగా చూశారు. మళ్లీ అట్ట చూశారు.

"అమ్మా, ఇదంతా కిలోలో ఇరవయ్యో వంతు గింజలేనా?"

అనిత తల్లి వైపు చూసింది. ఔనండీ అనేస్తే అయిపోతుంది. గింజలు తిన్నవాళ్లెవరూ సాక్ష్యానికి రారు. పందెం సంగతి తనకి తప్ప లోకానికి తెలియదు. కుమారి నోటి దాకా వచ్చిన "ఔను"ని మింగేసి, బల్ల మీదున్న సుద్దముక్క తీసుకుని అట్ట వెనక్కి తిప్పింది. 0.05 రాసింది.

"ఈ ముందు సున్నా తీసీసాను సార్. అది తియ్యొచ్చు. దాంతోపాటు సుక్క తర్వాత సున్నా కూడా తీసీసాను. అది తియ్యకూడదు. అది ఉంటే కింద వంద రావాల. నాకు పది వచ్చింది. అరకేజీ ఏసీసాను."

"మరి గుగ్గిళ్లలో కారం?"

"అదీ నా లెక్కే సార్."

మాస్టారు నాలుక చివర ఇంకా మిగిలిన మంటని ఒకసారి చూసుకున్నారు. ఆయన ఏమంటారోనని కుమారి తల దించుకుంది. ముందు మాట్లాడింది అనిత. తల్లి కొంగు పట్టుకుని లాగి, గుసగుసగా చెప్పింది.

"అమ్మా, మొన్న పరీక్షలో నేను కూడా అదే సున్నా తీసీసాను. నీకు సెప్పలేదు."

"మీ తరగతిలో సగం మంది తీసేశారు," అన్నారు మాస్టారు. "ఎక్కడ తప్పిందో అడిగితే ఒక్కరూ మీలా చెప్పలేదు. అమ్మా, ఓపెన్ స్కూలుకి మీ పేరు రాసుకోనా?"

"లెక్క తప్పింది కదా సార్," అంది కుమారి. గొంతులో ఏదో అడ్డం పడింది. రెండుసార్లు వడకట్టిన రసంలోని నిమ్మగింజ మాత్రం కాదు.

గంగాళం బోర్లించి నీళ్లు ఓడుస్తున్న లక్ష్మణమ్మ నడుం ఎత్తి ఇటు తిరిగింది. చీర కుచ్చిళ్లకి సబ్జా ఎండి అట్టకట్టింది.

"రాసీయండి బాబూ," అంది. "దీన్ని సదివించకుండా ఇంట్లో ఉంచితే రేపు ఇంకేటి నానబెడతాదో."

ధర్మేంద్ర ఆటో దగ్గర నిలబడి, మూడో దొన్నె గుగ్గిళ్లు తింటూ, కళ్ల నీళ్లతో తల ఊపాడు. అడక్కుండానే, "నాకూ ఇష్టమే," అన్నాడు. కుమారి ఆ మాటకి నవ్వబోయి ఏడ్చింది. అందరూ కారం అనుకున్నారు.

అటు చివర మెర్సీ చుట్టూ ఆడవాళ్లు మూగారు. అంత రుచి ఎలా వచ్చిందని అడుగుతున్నారు. గిన్నె అడుగు గీకి ఇంటికి పట్టుకెళుతున్నారు. ఆమెకు అసలు సంగతి చెప్పాలని కుమారి రెండుసార్లు అటు అడుగేసింది. మెర్సీ మొహంలో ఆ వెలుగు చూసి, రెండుసార్లూ వెనక్కి వచ్చింది.

కుమారి పదో తరగతి లెక్కల్లో దశాంశాలు దాటి చాలా దూరం వచ్చేసింది. మెర్సీ మాత్రం ఇప్పటికీ గుగ్గిళ్లలో కారం లెక్క ప్రకారమే వేస్తోంది.